గడ్డకట్టిన చెరువు మీద గాలం: మిన్నెసోటాలో ఉన్న మన పిల్లలకి ఐస్ ఫిషింగ్ సామాను ఎలా ఎంచి పంపాలి

మీ అల్లుడో, కొడుకో, మేనకోడలో అమెరికాలో మిన్నెసోటా, విస్కాన్సిన్, మిచిగన్ లాంటి చలి రాష్ట్రాల్లో ఉంటున్నారా? ఈ మధ్య ఫోన్లో "చెరువు గడ్డకట్టింది, దాని మీద కూర్చుని చేపలు పడుతున్నాం" అంటున్నారా? అయితే ఈ సంక్రాంతికి బట్టలు మానేసి ఆ సరదాకి పనికొచ్చే సామానే కొనిపెట్టండి. పండగ వచ్చేది జనవరి నడుమ, అక్కడ చెరువుల మీద ఐసు గట్టిగా ఉండేదీ సరిగ్గా అప్పుడే. కాకపోతే మనకి తెలిసిన గాలం లెక్కలతో కొంటే డబ్బు దండగ అవుతుంది. నేను అలాగే పోగొట్టాను కాబట్టి, మీకు ఆ నష్టం రాకూడదని వివరంగా రాస్తున్నాను.

మా అప్ప కొడుకు మిన్నియాపొలిస్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. నేను శ్రీకాకుళంలో నాగావళి పాత వంతెన దిగువన వెదురు కర్రకి గాలం కట్టి, తడిమట్టి తవ్వి తీసిన ఎర్రలు గుచ్చి చేపలు పడుతూ పెరిగినవాణ్ణి. వాడికి చిన్నప్పుడు గాలం పట్టడం నేర్పింది కూడా నేనే. అందుకే వాడు ఐస్ ఫిషింగ్ మొదలుపెట్టాను మావయ్యా అనగానే సంబరపడిపోయి, ఇక్కడే ఎనిమిది అడుగుల రాడ్ ఒకటి కొని కొరియర్లో పంపేశాను. కొరియర్ ఖర్చు రాడ్ ధర కంటే ఎక్కువైంది. రాడ్ మంచిదే, కానీ అక్కడ గాలం వదలడానికి ఐసులో వేసిన కన్నం పక్కనే మనిషి స్టూల్ వేసుకుని కూర్చుంటాడు, కన్నం రెండడుగుల దూరంలో ఉంటుంది, ఎనిమిది అడుగుల కర్ర కొన ఎక్కడికో పోతుంది. దాన్ని వాడు ఎండాకాలానికి దాచుకున్నాడు.

మొదట చేయాల్సింది, వాళ్లని మూడు విషయాలు అడగడం. కానుక సంగతి ముందే తెలిసిపోతుందని మొహమాట పడకండి, మాటల్లో పెట్టి అడగొచ్చు. ఒంటరిగా వెళ్తున్నారా, అనుభవం ఉన్న స్నేహితులతో వెళ్తున్నారా? స్నేహితులతో అయితే కన్నం వేసే మిషను, గుడారం వాళ్ల దగ్గరే ఉంటాయి, మీరు కొనక్కర్లేదు. ఏ చేపల కోసం వెళ్తున్నారు? బ్లూగిల్, క్రాపీ, పెర్చ్ లాంటి అరచేతిలో పట్టే చేపలు ఒక రకం, వీటన్నిటినీ కలిపి పాన్‌ఫిష్ అంటారు. వాలై, నార్తర్న్ పైక్ లాంటి పెద్దవి ఇంకో రకం. సామాను మొత్తం దీన్ని బట్టి మారిపోతుంది. కొత్తవాళ్లకి పాన్‌ఫిష్ అనుకుని కొంటే తొంభై పాళ్లు సరిపోతుంది. మూడోది బూటు సైజు, చేతి గ్లవ్ సైజు. ఇది అందరూ మర్చిపోయేది.

డబ్బు ముందు ప్రాణానికి, తర్వాత వెచ్చదనానికి, ఆఖరున చేపకి ఖర్చు పెట్టండి. ఈ వరస మార్చొద్దు. దుకాణంలో మెరిసిపోయేవి రాడ్లు, రంగురంగుల ఎరలు, కాబట్టి చేయి వాటి మీదికే పోతుంది. నాకూ అలాగే పోయింది. రెండో ఏడాది నేను మంచి పొట్టి రాడ్ కొనిచ్చాను, బూట్లకి తొడిగే క్లీట్స్ మాత్రం గుర్తు రాలేదు. జనవరిలో ఒకరోజు గాలికి ఐసు మీది మంచుపొడి అంతా ఎగిరిపోయి అద్దంలా తేలింది. వాడు బకెట్ పట్టుకుని నడుస్తూ వెనక్కి పడ్డాడు, మణికట్టు విరిగింది. ఇక్కడ మా అప్ప రెండు రోజులు అన్నం తినలేదు. పాతిక ముప్పై డాలర్ల వస్తువు అది. అందుకే ఎవరు అడిగినా నేను ఇక్కణ్ణుంచే మొదలుపెడతాను.

ప్రాణానికి సంబంధించినవి నాలుగు. క్లీట్స్ అంటే బూటు మీదికి రబ్బరు పట్టీతో తొడిగేవి, కింద చిన్న ఇనుప మేకులు ఉంటాయి. మేకులున్నవే కొనండి, వట్టి తీగ చుట్టలవి కొత్త ఐసు మీద అంతగా పట్టవు. రెండోది ఐస్ పిక్స్: రెండు పిడులు, వాటి కొనల్లో మేకులు, రెంటినీ కలుపుతూ ఒక తాడు, మెడలో వేసుకుంటారు. ఐసు విరిగి నీళ్లలో పడితే తడి గ్లవ్స్‌తో జారే అంచు పట్టుకోవడం ఎవరి వల్లా కాదు, ఈ మేకులు గుచ్చి, కాళ్లు తన్నుతూ, బోర్లా పాకుతూ పైకి రావాలి, వచ్చాక లేచి నిలబడకుండా దొర్లుకుంటూ, వచ్చిన దారి వైపే పోవాలి. పది పదిహేను డాలర్లకి దొరుకుతాయి. మీరు ఒక్కటే కొనగలిగితే ఇదే కొనండి. మూడోది స్పడ్ బార్, మన గునపం లాంటిదే, నడిచేటప్పుడు ముందు ముందుగా ఐసు మీద గట్టిగా పొడుస్తూ వెళ్లడానికి. ఒకటి రెండు పోట్లకే నీళ్లు పైకి వస్తే అక్కడి నుంచి మెల్లగా వెనక్కి తిరగాలి. నాలుగోది విజిల్, తాడుకి కట్టేసుకునే చిన్న ప్లాస్టిక్ ఈల.

ఇంత ఎందుకంటారా? అంత చల్లని నీళ్లలో పడ్డవాళ్ల గురించి అక్కడ 1-10-1 అని ఒక లెక్క నేర్పుతారు. ఊపిరి ఎగబీల్చడం అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులు కాళ్లు మాట వినేది 10 నిమిషాలు, స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. బయటపడటానికి ఉన్నది ఆ పది నిమిషాలే. పిక్స్ బ్యాగులో ఉంటే లాభం లేదు, మెడలో ఉండాలి. ఈ మాట కాగితం మీద తెలుగులో రాసి పెట్టెలో పెట్టించండి, మీ చేతిరాత ఫోటో తీసి పంపినా సరే.

ఐసు ఎంత మందం ఉండాలో కూడా మీరు తెలుసుకోండి, ఫోన్లో అడగడానికైనా పనికొస్తుంది. మిన్నెసోటా సహజ వనరుల శాఖ చెప్పే లెక్క ప్రకారం, కొత్తగా కట్టిన తేట ఐసు మీద మనిషి నడవాలంటే కనీసం 4 అంగుళాలు, అంటే బెత్తెడు కంటే ఎక్కువే ఉండాలి. పాలలా తెల్లగా కనిపించే ఐసుకి బలం సగమే, దానికి మందం రెట్టింపు కావాలి. ఎంత మందమున్నా ఏ ఐసూ నూటికి నూరుపాళ్లు భద్రం కాదని కూడా అదే శాఖ చెబుతుంది. ఒకే చెరువులో ఒక చోట అడుగు మందం, పది గజాల అవతల రెండు అంగుళాలు ఉండొచ్చు, ముఖ్యంగా వాగు కలిసే చోట, ఊటలు ఉన్న చోట. అందుకే ఐసులోకి దించి మందం చూసే చిన్న కొలబద్ద కూడా ఆ పెట్టెలో వేయించండి, ఖరీదు పెద్దగా ఉండదు.

ఇక వెచ్చదనం. మనకి చలి అంటే లంబసింగి గుర్తొస్తుంది, భోగి మంట దగ్గర చేతులు కాచుకోవడం గుర్తొస్తుంది. అక్కడ జనవరిలో మైనస్ 15, మైనస్ 20 డిగ్రీలు మామూలే, పైగా కదలకుండా గంటల తరబడి కూర్చోవాలి. ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు, మందమైన కాటన్ బనియన్లు, కాటన్ మేజోళ్లు డజన్ల లెక్కన పంపడం. కాటన్‌కి చెమట పడితే తడి ఆరదు, ఆ తడే ఒంటి వేడిని లాగేస్తుంది. ఒంటికి తగిలే పొర ఉన్ని గానీ పాలిస్టర్ గానీ అయి ఉండాలి. మెరినో ఉన్ని మేజోళ్లు రెండు జతలు చక్కటి కానుక, సైజు అటూ ఇటూ అయినా ఇబ్బంది ఉండదు. బూట్లు మీరు కొనొద్దు, వాళ్లే వేసుకుని చూసుకోవాలి, ఎందుకంటే బిగుతు బూటులో కాలు ఇంకా తొందరగా చల్లబడుతుంది, వేళ్లు కదిలేంత చోటు ఉండాలి. బూట్లకి ఎంత ఇవ్వాలనుకున్నారో అంత డబ్బు పంపండి. చేతులకి వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండే మిట్టెన్స్ బాగుంటాయి, పైన మడత తెరిస్తే వేళ్లు బయటికొచ్చేవి అయితే ముడి వేసుకోవడానికి వీలు. బడ్జెట్ బాగా ఉన్నవాళ్లు, ఇద్దరు ముగ్గురు కలిసి ఇచ్చేవాళ్లు ఫ్లోట్ సూట్ గురించి ఆలోచించండి. లోపల వెచ్చగా ఉంచుతూనే, నీళ్లలో పడితే మనిషిని తేల్చే కోటు, ప్యాంటు అది. ఖరీదు వందల డాలర్లలో ఉంటుంది. అయినా కొత్త అల్లుడికి ఉంగరం పెట్టే స్తోమత ఉన్నవాళ్లు ఉంగరం బదులు ఇది పెడితే నేను మెచ్చుకుంటాను.

ఇప్పుడు కన్నం వేసే పనిముట్టు, ఆగర్. పెద్ద మర లాంటి బర్మా అనుకోండి. స్నేహితులతో వెళ్లేవాళ్లకి ఇది వద్దు. సొంతంగా వెళ్లే కొత్తవాళ్లకి చేత్తో తిప్పే 6 అంగుళాల ఆగర్ చాలు. పాన్‌ఫిష్ ఆ కన్నంలోంచి సులువుగా వస్తుంది. వాలై, పైక్ కోసమైతే 8 అంగుళాలు తీసుకోండి, కానీ చేత్తో 8 అంగుళాల కన్నం తిప్పడం ఎక్కువ కష్టం, వెడల్పు కొంచెం పెరిగినా తవ్వాల్సిన ఐసు చాలా పెరుగుతుంది. వాళ్ల దగ్గర ఇప్పటికే మంచి బ్యాటరీ డ్రిల్ ఉంటే దానికి తగిలించే ఆగర్ కూడా దొరుకుతుంది. అయితే డ్రిల్ బలమైనది, పైన బ్రష్‌లెస్ అని రాసి ఉన్న రకం అయి ఉండాలి, అటక మీద మూల పడి ఉన్న చిన్న డ్రిల్‌కి తగిలిస్తే మోటారు కాలిపోతుంది, మణికట్టూ తిరుగుతుంది. పెట్రోలు ఆగర్లు కొత్తవాళ్లకి అక్కర్లేదు. ఏది కొన్నా బ్లేడుకి తొడుగు ఉందో లేదో చూడండి, ఆ బ్లేడ్లు క్షవరం కత్తుల్లా ఉంటాయి.

ఆగర్‌తో పాటు స్కిమ్మర్ కావాలి. మనం బూరెలు నూనెలోంచి తీసే చిల్లుల గరిటె ఎలా ఉంటుందో అచ్చం అలాగే. కన్నంలో తేలే ఐసు ముక్కలు తీసేయడానికి. మా అప్ప ఇది విని ఇంట్లో స్టీలు గరిటె పంపేస్తానంది. స్టీలు పిడి ఆ చలిలో చేతికి అంటుకుపోతుంది, ప్లాస్టిక్‌ పిడిదే అక్కడ కొనమనండి. ఇంకా 5 గ్యాలన్ల ప్లాస్టిక్ బకెట్, మన లెక్కలో దాదాపు 19 లీటర్లు. సామాను అందులో పెట్టుకుని వెళ్తారు, బోర్లించి దాని మీద కూర్చుంటారు, వచ్చేటప్పుడు చేపలు అందులోనే. నా దృష్టిలో ఈ బకెట్టే మంచి గిఫ్ట్ బాక్స్. కొన్నవన్నీ దానిలోనే సర్ది ఇవ్వమనండి.

రాడ్ దగ్గరికి వచ్చేముందు ఒక సంగతి చెప్పాలి, ఇది అర్థమైతే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది. నీళ్లు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయి, అంతకంటే చల్లబడితే తేలికై పైకి వస్తాయి, సున్నా దగ్గర పైపైనే గడ్డ కడతాయి. ఐసు నీటి మీద తేలుతుంది కాబట్టి అదే మూతలా ఉండిపోతుంది, అడుగున 4 డిగ్రీల నీళ్లలో చేపలు బతికే ఉంటాయి. కానీ అంత చల్లని నీళ్లలో చేప ఒళ్లు మందగిస్తుంది, తక్కువ తింటుంది, మెల్లగా కదులుతుంది. మన నాగావళిలో జెల్ల గాలం మింగి బెండుని ఒక్కసారిగా లాగేసినట్టు అక్కడ లాగదు. నోటితో ఎరని పీల్చి, నచ్చకపోతే ఉమ్మేస్తుంది. ఆ తాకిడి చేతికి తెలియాలంటే కర్ర కొన సన్నగా, మెత్తగా ఉండాలి, దారం సన్నంగా ఉండాలి, ఎర చిన్నదిగా ఉండాలి.

కాబట్టి రాడ్ పొడవు 24 నుంచి 30 అంగుళాలు, అంటే ఇంచుమించు మూరన్నర. పాన్‌ఫిష్ కోసం "అల్ట్రాలైట్" లేదా "లైట్" అని రాసి ఉన్నది, వాలై కోసం "మీడియం". దారం చుట్టే రీల్ విడిగా కొనకండి, రాడ్, రీల్ కలిపి ఉన్న కాంబో సెట్టు తీసుకోండి, 20 నుంచి 40 డాలర్లలో కొత్తవాళ్లకి సరిపోయేవి ఉంటాయి. దారం మోనోఫిలమెంట్, అంటే ఒంటిపోగు నైలాన్ దారం; ఎంత బరువుకి తెగుతుందో పౌండ్లలో రాసి ఉంటుంది, పాన్‌ఫిష్‌కి 2 నుంచి 4 పౌండ్లు, వాలైకి 6 నుంచి 8 పౌండ్లు. కాంబోతో వచ్చే దారం చాలాసార్లు మందంగా ఉంటుంది, చలికి స్ప్రింగులా చుట్టలు పడుతుంది. కాబట్టి ఐస్ ఫిషింగ్ కోసమే చేసిన మంచి దారం ఒక ఉండ విడిగా కొనండి. అన్నిటికంటే చవక మెరుగు ఇదే. కర్ర కొనకి తగిలించే స్ప్రింగ్ బాబర్ అనే చిన్న తీగ కూడా ఉంటుంది, చేప తాకితే అది వంగుతుంది, మన జీలుగు బెండు చేసే పనే అది చేస్తుంది. బెండు చూసి అలవాటు పడ్డ కళ్లకి ఇది బాగా నచ్చుతుంది.

ఎరలు. అక్కడ జిగ్ అంటారు, గాలం ముల్లుకి చిన్న లోహపు తల అతికి ఉంటుంది. సీసం తలవి చవక, టంగ్‌స్టన్ తలవి ఖరీదు. టంగ్‌స్టన్ సీసం కంటే చాలా సాంద్రమైన లోహం, కాబట్టి అదే బరువుకి తల చిన్నదిగా ఉంటుంది, చిన్న నోటి చేపకి భయం ఉండదు, నీళ్లలో తొందరగా దిగుతుంది. ఇంకో కారణం నాకు ముఖ్యం. చెరువులో తెగిపడిన సీసపు ముక్కల్ని లూన్ అనే నీటిపక్షి మింగి చచ్చిపోతుంది, ఆ లూన్ మిన్నెసోటా రాష్ట్ర పక్షి. న్యూ హాంప్‌షైర్ లాంటి రాష్ట్రాల్లో చిన్న సీసపు గుండ్లు, జిగ్‌లు నిషేధం కూడా. మన తేలినీలాపురానికి వచ్చే కొంగల్ని ఊరివాళ్లు ఎలా చూసుకుంటారో చూసినవాణ్ణి, పిట్టని చంపే ఎర కొనాలని నాకనిపించదు. 3 నుంచి 5 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ జిగ్‌లు అరడజను కొనండి, ఒకటి రెండు బంగారు రంగు, ఒకటి రెండు గులాబీ, ఒకటి రెండు నలుపు. వంద ముక్కల చవక డబ్బా కొనకండి, అందులో తొంభై ఎప్పటికీ వాడరు.

బతికున్న ఎర, అంటే మైనపు పురుగులు, చిన్న చేపలు, ఇవి అక్కడ ఎర దుకాణంలోనే వాళ్లే కొనుక్కోవాలి. ఒక చెరువు నీళ్లు ఇంకో చెరువుకి మోసుకెళ్లకూడదని అక్కడ గట్టి నియమాలు ఉన్నాయి, బయటి జీవులు పాకిపోకుండా. ఇక్కణ్ణుంచి అలాంటిది ఏదీ పంపే ఆలోచన చేయొద్దు.

చిన్న చేపలు ఆగకుండా పడే సరదా పోయి పైక్ మీదికి మనసు పోయినప్పుడు టిప్-అప్ అనేది పనికొస్తుంది. కన్నం మీద అడ్డంగా పెట్టే చట్రం, చేప లాగితే జెండా పైకి లేస్తుంది. మిన్నెసోటాలో ఐసు మీద ఒక్కొక్కరు రెండు దారాలు వేయొచ్చు కాబట్టి, ఒకటి చేతిలో రాడ్, ఒకటి టిప్-అప్ పెట్టుకుంటారు. పిల్లలున్న ఇంటికైతే ఇది తప్పకుండా కొనండి, జెండా లేవగానే పిల్లలు పరిగెత్తే సంబరమే వేరు.

ఇప్పుడే కొనకూడనివి చెబుతాను. గుడారం, చేపల్ని తెర మీద చూపించే సోనార్, ఐసు మీద లాగే పెద్ద స్లెడ్ బండి. ఇవి మంచివే, కానీ రెండు మూడు సీజన్లు తిరిగాక వాళ్లకే ఏది కావాలో తెలుస్తుంది. గుడారం వాళ్ల దగ్గర ఇప్పటికే ఉండి, లోపల గ్యాస్ హీటర్ వెలిగిస్తున్నారని మీకు తెలిస్తే మాత్రం, బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం వెంటనే కొనిపెట్టండి. ఆ వాయువుకి వాసన ఉండదు, రంగు ఉండదు, ముందు తలనొప్పి, వికారం, తర్వాత నిద్రలాంటి మత్తు వస్తుంది. గుడారం గాలి కన్నాలు తెరిచే ఉంచమని చెప్పండి, అవి మూసేసి వెచ్చగా పడుకోవడం వద్దని మరీ మరీ చెప్పండి.

ఎక్కడ కొనాలి? ఇక్కణ్ణుంచి పంపొద్దు. నేను అలా పంపే నష్టపోయాను. అక్కడి దుకాణం వెబ్‌సైట్‌లో ఆర్డర్ పెట్టి వాళ్ల ఇంటి అడ్రసుకే తెప్పించండి, మీ కార్డు పనిచేయకపోతే అక్కడే ఉన్న ఇంకో చుట్టానికి డబ్బు పంపి కొనిపించండి. మార్చుకునే గడువు ఎన్ని రోజులో చూసుకోండి. అక్టోబర్, నవంబర్‌లో అన్ని సైజులూ దొరుకుతాయి, జనవరికి మంచివి అయిపోతాయి. ఫిబ్రవరి చివర, మార్చిలో మిగిలినవి తగ్గింపు ధరకి పెడతారు, తొందర లేనివాళ్లు వచ్చే ఏటికి అప్పుడే కొని ఉంచొచ్చు. లైసెన్సు సంగతి కూడా గుర్తు చేయండి. మిన్నెసోటాలో 16 ఏళ్లు నిండినవాళ్లకి చేపలు పట్టడానికి లైసెన్సు ఉండాలి, అది మార్చి 1 నుంచి ఫిబ్రవరి చివరి వరకు చెల్లుతుంది. సంక్రాంతికి కొంటే మిగిలేది నెలన్నరే, అయినా లేకుండా మాత్రం కూర్చోకూడదు.

ఇంతా అయ్యాక వంద, నూట యాభై డాలర్లు పెట్టేవాళ్లకి నేను చెప్పే జాబితా ఇది: పిక్స్, క్లీట్స్, విజిల్, మెరినో మేజోళ్లు, అల్ట్రాలైట్ కాంబో ఒకటి, మంచి దారం, టంగ్‌స్టన్ జిగ్‌లు ఆరు, స్కిమ్మర్, బకెట్. ఆగర్ చేరిస్తే ఇంకో 50 నుంచి 100 డాలర్లు అవుతుంది. అంత పెట్టలేకపోతే పిక్స్, క్లీట్స్ మాత్రమే కొనండి, రాడ్ స్నేహితుల దగ్గర అడిగి తీసుకుంటారు.

ఇక్కణ్ణుంచి పంపాలని మనసు ఆగకపోతే పలాస జీడిపప్పు పంపండి, ఐసు మీద జేబులో వేసుకుని తినడానికి అంతకంటే మంచిది లేదు. పడిన క్రాపీ, పెర్చ్ పులుసు ఎలా పెట్టాలో ఫోన్లో చెప్పండి. రెండూ తెల్లటి మెత్తని కండ ఉన్న చేపలు, ఎక్కువ కలిపితే విడిపోతాయి, పులుసు మరిగాక ఆఖర్న వేసి గిన్నె పట్టుకుని తిప్పమనండి, గరిటె పెట్టొద్దని చెప్పండి.

వాళ్లు మొదటిసారి వెళ్లే రోజు వీడియో కాల్ పెట్టుకోండి. శీతాకాలంలో మిన్నెసోటా మనకంటే పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది, అక్కడ ఉదయం 8 అంటే ఇక్కడ రాత్రి 7:30. చలికి ఫోన్ చార్జింగ్ గబగబా పడిపోతుంది, కాబట్టి ఫోన్ కోటు లోపలి జేబులో ఉంచుకుని, కాల్ చేసేటప్పుడే బయటికి తీయమనండి. మెడలో పిక్స్ ఉన్నాయో లేదో ముందు చూపించమనండి, తర్వాత చేప.